నీటి కింది ఐదో వరుస

"ఆదివారం నాడు సుబ్బరాయుడి పడవ ఎన్ని గంటలకు తిరిగొచ్చింది?"

కృపావరం అడుగుతుంటే సారమ్మ పంపుహౌసు గడప మీద కూర్చుని కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె పగిడ్యాల దగ్గరి ఆ పంపుహౌసుకు కాపలా మనిషి. పొద్దున మోటరు వేయడం, సాయంత్రం కరెంటు పోయాక తలుపుకు తాళం పెట్టడం ఆమె పని.

"గంటలు నాకేం తెల్సు నాయనా? ఆరింటికి కరెంటు పోతాది. ఆ పొద్దు గూడా పోయింది. మోటరు నిలబడినంక కడవ తీసుకోని నీళ్లకు పోయినా. అప్పటికి పడవ రాలేదు. కడవ నింపుకోని గట్టెక్కుతాంటే వచ్చినారు, ఇద్దరే. నారాయణప్ప ఏడుస్తాండాడు. సుబ్బరాయుడు మాట్లాడ్లే."

"అంటే ఆరు దాటింది."

"దాటకుండా యాడ పోతాది?"

"ఈ మాట పోలీసులకు చెప్పినావా?"

"నన్నెవరు అడిగినారు?"

కృపావరం నోటుబుక్కులో ఒక ముక్క రాసుకున్నాడు. నంద్యాలలో సైకిల్ షాపు మిద్దె మీద ఒక గది అద్దెకు తీసుకుని, తలుపుకు 'ప్రైవేటు విచారణలు' అని బోర్డు తగిలించుకుని రెండేళ్లయింది. అంతకుముందు పదకొండేళ్లు ఎస్సైగా చేశాడు. పై అధికారి అడిగినట్టు రిపోర్టు రాయనని చెప్పి ఒక మధ్యాహ్నం టోపీ బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

నిన్న పొద్దున ఆ గదికి అహోబిలం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు కమలవల్లి. భర్త శేషాద్రి సంస్కృతం పంతులుగా చేసి రిటైరయ్యాడు. పాత శాసనాలు చదవడంలో ఆ చుట్టుపక్కల ఆయనను మించినవాడు లేడు. ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి యాత్రికులను జీపుల్లో తిప్పే నారాయణ అనే వ్యక్తి పోయిన ఆదివారం ఆయనను పడవ షికారుకు పిలిచాడు. డ్యాము నీళ్లలో మునిగిన పాతపల్లె రేవు, దాని పక్క గుళ్లు వేసవిలో కొంచెం కొంచెంగా బయటపడతాయి. ఒడ్డు వెంబడి పడవలో గంటన్నర తిరిగి అవన్నీ చూసి వద్దామన్నాడు. వెళ్లినవాళ్లు ముగ్గురు. వచ్చినవాళ్లు ఇద్దరు. పంతులుగారు మండపం దగ్గర కాలుజారి నీళ్లలో పడ్డాడన్నారు. శవం దొరకలేదు.

"మా మరిది పదో రోజు కర్మకు ఏర్పాట్లు చేస్తున్నాడు," అంది కమలవల్లి ఆ గదిలో నిలబడే. "దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారట. దానికి శాస్త్రం ఉందట. ఉండనీ. ఆయన పోయారని రుజువు చూపించకుండా నా మెడలో తాళి మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదన్నాను. ఆయన ఉన్నారో లేరో మీరు తేల్చండి. అంతే."

ఇప్పుడామె పంపుహౌసు నీడలో నిలబడి నీళ్లకేసి చూస్తోంది.

కృపావరం పంపుహౌసు గోడ వైపు తిరిగాడు. నీళ్లలోకి దిగిన గోడ మీద తెల్లరంగుతో అడుగుల గీతలు, అంకెలు వేసి ఉన్నాయి. నీళ్లు పదో అంకె దగ్గర ఉన్నాయి.

"ఇది రోజూ ఎవరన్నా రాసుకుంటారా?"

"నేనే రాస్తా. ఇంజనీరు సారుకు చెప్పల్ల గదా." సారమ్మ తలుపు వెనక్కి జరిపి చూపించింది. చెక్క మీద సుద్దముక్కతో అంకెలున్నాయి. ఆదివారం పద్నాలుగు, సోమవారం పదమూడు, మంగళవారం పన్నెండు, బుధవారం పదకొండు, ఈ పొద్దు గురువారం పది.

"రోజుకొక అడుగు దిగుతాంది," అంది సారమ్మ. "యాసంగి కదా, కింద నీళ్లు వదుల్తాండారు."

కృపావరం ఆ ఐదు అంకెలూ రాసుకుంటుండగా వెనక జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ పార్థసారథి దిగాడు. ఇద్దరూ ఒకే సంవత్సరం ఖాకీ వేసుకున్నవాళ్లు. ఒకరి గురించి ఒకరికి తెలియనిది తక్కువ.

"ఏమప్పా కృపావరం, నా కేసులో నీకేం పని?"

"నీ కేసు మూసేస్తాండావని విన్నా. మూసేముందు ఒకసారి చూసి పోదామని వచ్చినా."

"చూసేదానికి ఏముండాది? ఇద్దరు సాక్షులు. పడవలో చెప్పులు దొరికినాయి, ఉత్తరీయం దొరికింది. డెబ్బై ఏళ్ల మనిషి, ఈత రాదు. పడినాడు, పోయినాడు. అమ్మ దుఃఖంలో ఉంది. ఆమె కాడ దుడ్లు తీసుకోని ఆశ పెట్టొద్దు."

"ఇంకా తీసుకోలేదులే. సంచీ ఏమైంది?"

"ఏ సంచీ?"

కమలవల్లి ముందుకొచ్చింది. "ఆయన గుడ్డసంచీ. శాసనం నకలు తీసే కాగితాల చుట్ట, కుంచె, మసిబుడ్డి అందులో ఉంటాయి. ఆదివారం భుజాన వేసుకునే వెళ్లారు."

"మనిషితోపాటు మునిగిందమ్మా."

"బుడ్డి మునుగుతాది," అన్నాడు కృపావరం. "కాగితాల చుట్ట మునగదు. నాలుగు రోజుల్లో ఏదో ఒక ఒడ్డుకు తేలి రావల్ల. ఈ ఒడ్డున వలలేసేవాళ్లను అందరినీ అడిగినా. ఎవరికీ కనపడలేదు. ఇంకొకటి. నీ రిపోర్టులో పడవ ఐదున్నరకు తిరిగొచ్చిందని ఉండాది. సారమ్మ ఆరు దాటిందంటాంది. ఆ అరగంట పైన యాడ తిరిగినారు?"

పార్థసారథి సారమ్మను ఒకసారి చూశాడు. ఆమె కళ్లు దించుకోలేదు.

"కరెంటు పోయిన టైము చూసి కేసు నడుపుతావా? నేనూ పడవెక్కుతా. నువ్వేం కనుక్కుంటావో నేనూ చూస్తా."

*

మూడు గంటల నలభై నిమిషాలకు పడవ కదిలింది. సుబ్బరాయుడు వెనక నిలబడి గడ వేస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి, మోచేతుల దాకా నల్లగా కాలిన చేతులు. చేపలు పట్టడం తగ్గించి, ఆదివారాలు టౌను నుంచి వచ్చేవాళ్లను ఒడ్డు వెంబడి తిప్పడం రెండేళ్లుగా అలవాటు చేసుకున్నాడు. ఎక్కినవాళ్లకు వరసగా అన్నీ చూపించి కథలు చెప్తాడు.

"ఆదివారం ఎట్ల తీసుకపోయినావో అట్లే తీసుకపో," అన్నాడు కృపావరం. "యాడ ఆపినావో ఆడే ఆపు. ఆ పంతులుకు ఏం చెప్పినావో మాకూ అదే చెప్పు. ఒక ముక్క ఎక్కువొద్దు, ఒక ముక్క తక్కువొద్దు."

"ఎందుకు సార్ అవన్నీ ఇప్పుడు?"

"అమ్మ వినాలంటాంది."

సుబ్బరాయుడు కమలవల్లి వైపు చూడలేదు. గడ లోతుగా దించి తోశాడు.

కొంచెం దూరం పోయాక గొంతు సవరించుకున్నాడు. మొదట మాటలు తడబడ్డాయి. తర్వాత అలవాటు పడిన పాఠం కాబట్టి తనంతట తనే సాగింది. "కుడిచేతి పక్క సూడండి సార్, ఆ రాళ్ల వరస. అది పాతపల్లె రేవు మెట్లు. మా తాత కాలంలో ఆడ పుట్టి పడవలు కట్టేసేవాళ్లంట. అవతలి ఒడ్డు నుంచి ధాన్యం ఈ మెట్ల మీదనే దిగేదంట... ముందర ఆ మొండిగోడ కోటగోడ. ఎవరు కట్టించిందో నాకు తెలీదు సార్. తురకల దండు వచ్చినప్పుడు గుళ్లో దేవుళ్లను ఈడనే యాడనో దాచినారని పెద్దోళ్లు చెప్పేది."

కృపావరం తలెత్తాడు. "ఈ మాట పంతులుకు గూడా చెప్పినావా?"

"చెప్పినా. సామి నవ్వినాడు. 'యాడనో కాదు నాయనా, మండపం స్తంభం మీద రాసుండాది, చదివేవాళ్లు లేరంతే' అన్నాడు."

కమలవల్లి నెమ్మదిగా అంది. "నిజమే. నీళ్లు నింపకముందు ఒకసారి చూసొచ్చారు. నందినాగరి లిపి అట. పై నాలుగు వరుసలే చదవగలిగారు. కింద అంతా మట్టి పూడుకుని ఉండిందట. తవ్వించేలోపే డ్యాము నీళ్లు వచ్చేశాయి. ఆ బాధ ఆయనకు ఇప్పటికీ ఉంది."

"ఆ లిపి చదివేవాళ్లు ఇంకెవరు ఉన్నారమ్మా?"

"ఈ జిల్లాలో నాకు తెలిసి ఇంకెవరూ లేరు."

పార్థసారథి సిగరెట్టు వెలిగించుకున్నాడు. "లిపి సంగతి తర్వాత. స్థలం చూపియ్."

సరిగ్గా నాలుగు గంటలకు పడవ మండపం చేరింది. కృపావరం గడియారం చూసి రాసుకున్నాడు. రావడానికి ఇరవై నిమిషాలు. పోవడానికి ఇరవై. ఆదివారం కూడా నాలుగు లోపలే బయల్దేరారు. నీళ్లలో పడిన మనిషి కోసం గంటసేపు వెతికినా ఐదున్నరకు ఒడ్డు చేరాలి. అప్పటికి వీళ్లు చేరలేదు.

మండపం పైకప్పు ఎప్పుడో పోయింది. నాలుగు స్తంభాలు మాత్రం నీళ్లలోంచి మనిషెత్తుకు పైగా లేచి ఉన్నాయి. సుబ్బరాయుడు ఈశాన్యం మూల స్తంభానికి తాడు చుట్టాడు.

"ఈడనే సార్. తాడు ఈ స్తంభానికే కట్టినా."

"పంతులు ఏం చేస్తాండాడు అప్పుడు?"

"లేచి నిలబడినాడు. ఈ రాత సూడల్లని ముందుకు వంగినాడు. ఇదో, ఈ అక్షరాలు." సుబ్బరాయుడు స్తంభం మీద చెయ్యి పెట్టి చూపించాడు. అతని వేళ్ల కింద నుంచి నీళ్ల దాకా వరసగా చెక్కిన అక్షరాలున్నాయి. "ఈ రెండో వరస మీద వేలు పెట్టి చదువుతాండాడు. పడవ ఊగింది. పడిపాయ."

"రెండో వరసా?"

"ఔ సార్. నా కండ్లతో సూసినా."

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది రాసుకోండి," అన్నాడు కృపావరం.

జేబులోంచి కొలిచే టేపు తీసి, ఒక కొన మొదటి వరుస దగ్గర పెట్టి, రెండో కొన నీటి మట్టానికి దించాడు. "ఎంత?"

పార్థసారథి వంగి చూశాడు. "నాలుగడుగులు. ఒక అంగుళం తక్కువ."

"ఈ పొద్దు పంపుహౌసు గోడ మీద నీళ్లు పది. ఆదివారం పద్నాలుగు. నాలుగడుగులు తేడా." కృపావరం టేపు చుట్టేశాడు. "ఆదివారం నాడు మొదటి వరస గూడా నీళ్లలోనే ఉండాది సుబ్బరాయుడూ. మరి పంతులు రెండో వరస ఎట్ల చదివినాడు?"

సుబ్బరాయుడి చెయ్యి స్తంభం మీద నుంచి జారింది.

"ఆ పొద్దు ఈడ నీకు కనపడింది ఉత్త రాయి. అక్షరాలు ఆ తర్వాత చూసినావు. ఎప్పుడు చూసినావు?"

పార్థసారథి నోట్లో సిగరెట్టు అలాగే కాలుతోంది.

కృపావరం పడవ అంచు మీద మోకాలు పెట్టి స్తంభానికి దగ్గరగా వంగాడు. తొమ్మిది వరుసలు నీళ్ల పైన ఉన్నాయి. మొదటి ఏడు వరుసల్లో అక్షరాల గాడులు శుభ్రంగా ఉన్నాయి, ఎవరో బ్రష్షుతో తోమినట్టు. ఎనిమిది, తొమ్మిది వరుసల్లో పాచి అలాగే ఉంది. శుభ్రం చేసిన రాయి చుట్టూ, అంచుల్లో, నల్లగా మసి అంటుకుని ఉంది. కృపావరం దాన్ని వేలితో రుద్దాడు. వేలు నల్లబడింది.

"అమ్మా, ఇది చూడండి."

కమలవల్లి పడవ మధ్యలోంచి జాగ్రత్తగా జరిగి వచ్చింది. అతని వేలు మీది మసిని తన వేలికి పూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది నేను చేసిందే," అంది. "ఆముదం దీపం మసిలో తుమ్మ జిగురు కలుపుతాను. పురుగు పట్టకుండా చిటికెడు కర్పూరం. బజారు మసికి ఈ వాసన రాదు."

"ఎవడో సంచీ కొట్టేసి, ఆ మసితో నకలు తీసుకున్నాడు," అన్నాడు పార్థసారథి. గొంతులో ఇందాకటి ధీమా లేదు, కానీ పట్టు వదల్లేదు. "దాంతో ఏం రుజువవుతాది? ముసలాయన్ని తోసేసి, సంచీ తీసుకున్నారు. సరే, హత్య అని రాస్తా. మనిషి బతికుండాడని నువ్వెట్ల చెప్తావ్?"

"నేను చెప్పలేదే ఇంకా."

"మనసులో అదే ఉండాది. నాకు తెలీదా నీ సంగతి?"

కమలవల్లి వాళ్ల మాటలు వినడం లేదు. స్తంభం ఎడమ అంచు మీద వేలితో తడుముతూ పైనుంచి కిందికి వస్తోంది. మొదటి వరుస పక్కన ఆగింది. అక్కడ, అక్షరాలు లేని చోట, మసితో గీసిన గుర్తు ఉంది. గోరంత నామం. ఆమె వేలు ఇంకా కిందికి దిగింది. ఐదో వరుస పక్కన మళ్లీ ఆగింది. అక్కడ ఇంకొక నామం.

"రెండు," అంది. "ఆయన రాయిని ముట్టుకునే ముందు చిటికెన వేలితో ఎడమ పక్క చిన్న నామం పెడతారు. ఏ రోజు పని మొదలుపెట్టినా ఆ రోజుకొకటి. మానెయ్యండి, ఎవరన్నా చూస్తే నవ్వుతారు అంటే వినేవారు కాదు. ఇది ఇంకొకరికి తెలీదు. తెలిసినా ఎవరూ పెట్టరు."

కృపావరం టేపు మళ్లీ తీశాడు. మొదటి వరుస నుంచి ఐదో వరుసకు రెండడుగులకు ఒక అంగుళం తక్కువ.

"పార్థసారథీ, లెక్క నువ్వే వెయ్యి. ఆదివారం నాడు ఈ ఐదో వరస రెండడుగుల లోతు నీళ్ల కింద ఉండాది. ఇది గాలికి తేలింది బుధవారం పొద్దుటికి. అంటే నిన్న. నిన్న ఈ నామం ఎవరు పెట్టినారు?"

పార్థసారథి సిగరెట్టు తీసి నీళ్లలో పడేశాడు. మూడడుగులు అటు జరిగి, సుబ్బరాయుడి మెడ మీద చెయ్యి వేశాడు. గట్టిగా వెయ్యలేదు.

"చెప్పు."

సుబ్బరాయుడు గడ పట్టుకునే కూలబడ్డాడు. "సామిని నేనేం సెయ్యలే సార్. నీళ్లలో పడలే ఆయన. ఆదివారం ఈడికి వచ్చినప్పుడు అక్షరాలు కనపల్లే. ఇంకా నీళ్లు దిగల్ల, నాలుగు రోజులాగి వస్తానన్నాడు. నారాయణప్ప ఒప్పుకోలే. ఇంటికి పోతే ఊరందరికీ చెప్తావన్నాడు. ఆ కొండ మలుపు అవతల ఇంకొక జీపు పెట్టినాడు. ఆడ దించమన్నాడు. దించి తిరిగొచ్చేతలికి అంత పొద్దాయ."

"నీళ్లలో పడిపోయినాడని చెప్పమన్నాడా?" అన్నాడు పార్థసారథి.

"నా బిడ్డ ఆళ్లగడ్డలో సదువుతాంది సార్, హాస్టల్లో. ఆ యమ్మి పేరు, రూము నెంబరు చెప్పి, యాదిపెట్టుకో అన్నాడు. ఇంగ నేనేం మాట్లాడల్ల?" అతను కమలవల్లి కాళ్ల వైపు చూశాడు. "మంగళవారం ఒకసారి, నిన్న ఒకసారి నేనే మలుపు కాడ్నుంచి ఎక్కించుకొచ్చినా. సామి రాస్తాంటే నేను పడవ కదలకుండా పట్టుకున్నా. అమ్మా, నిన్న మజ్జిగ తాగినాడు. నేనే ఇచ్చినా."

కమలవల్లి పడవ బల్ల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. "అన్నం?" అని అడిగింది.

"పండ్లు తింటాండాడంటమ్మా. వాళ్లు వండింది ముట్టుకోలేదంట."

కృపావరం చొక్కా చెయ్యి పైకి మడిచి, స్తంభం వెంట చేతిని నీళ్లలోకి దించాడు. తొమ్మిదో వరుస కింద రాయి మీద వేళ్లు నడిపాడు. గాడులు తగిలాయి. ఒక వరుస. దాని కింద ఇంకొకటి. ఆ తర్వాత నున్నటి రాయి.

"ఇంకా రెండు వరసలు నీళ్లలో ఉండాయి," అన్నాడు చెయ్యి విదిలిస్తూ. "రేపటికి బయటపడతాయి. నారాయణ అమ్ముకోవల్లని చూసే ఆ దేవుళ్ల విగ్రహాలు దాచిన చోటు వాటిలోనే ఉండుంటుంది. అందుకే ఆయన్ని బతకనిచ్చినారు. చివరి వరస చదివేదాకా ఆయన ప్రాణానికి భయం లేదు."

"ఐతే రేపు ఈడ కాపు కాద్దాం," అన్నాడు పార్థసారథి. మొట్టమొదటిసారి అతని మాటలో ఎగతాళి లేదు. "మఫ్టీలో నలుగుర్ని పెడతా. ఆ హాస్టలు కాడ ఇద్దర్ని. సుబ్బరాయుడు మామూలుగానే పోయి ఎక్కించుకొస్తాడు. నువ్వూ..."

"ఈ పొద్దు ఎన్నింటికి రమ్మన్నాడు సుబ్బరాయుడూ?" కృపావరం మధ్యలోనే అడిగాడు.

సుబ్బరాయుడి కళ్లు వాళ్ల తలల మీదుగా ఒడ్డుకేసి చూస్తున్నాయి.

"నాలుగున్నరకు," అన్నాడు.

కొండ మలుపు అరమైలు కూడా లేదు. బండ్ల బాట నీళ్ల అంచుకు దిగే చోట ఆకుపచ్చ గుడ్డకప్పు జీపు వచ్చి ఆగింది. ముందు నుంచి ఒక మనిషి దిగి, చేతిని కళ్లకు అడ్డంపెట్టుకుని మండపం వైపు చూశాడు. పడవలో ఉన్న ఖాకీ బట్టలు అంత దూరం నుంచి కనపడకుండా ఉండవు. పార్థసారథి చటుక్కున కిందికి వంగాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆ మనిషి పరుగెత్తి జీపెక్కాడు.

జీపు వెనక్కి తిరుగుతుంటే వెనక సీట్లో తెల్లటి పంచె కనిపించింది.

కమలవల్లి లేచి నిలబడింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా నోట పలకని పేరును ఆమె గొంతు చించుకుని పిలిచింది.

"శేషాద్రీ!"

ఆ పిలుపు నీళ్ల మీదుగా పోయి కొండకు తగిలింది. జీపులో తెల్లబట్టల మనిషి తల తిప్పాడు. చెయ్యి పైకెత్తబోయాడు. పక్కనున్నవాడు ఆ చేతిని కిందికి లాగేశాడు. జీపు దుమ్ము రేపుకుంటూ చెట్లలోకి దూరింది.

"ఆ బాట యాడికి పోతాది?" కృపావరం అప్పటికే తాడు కోసేశాడు.

"అడవిలోకి సార్. రెండు మైళ్లు పోతే పాత సున్నపుబట్టీ. ఆడికి అయిపోతాది. ఇంగ దారి లేదు."

"సున్నపుబట్టీనా?" పార్థసారథి గొంతు మారింది. "నారాయణ ఆదివారం స్టేషన్లో కంప్లయింటు ఇచ్చేటప్పుడు చెయ్యి కాలి కట్టు కట్టుకోనుండాడు. ఏందప్పా అంటే, బట్టీ మళ్లీ రాజేసినా, కొత్తగా సున్నం కాలుస్తాండా అన్నాడు."

స్తంభం దగ్గర పోలీసులున్నారని నారాయణకు ఇప్పుడు తెలిసిపోయింది. శాసనం ఇంక చదివించే పని లేదు. సాక్షిని ఉంచుకునే పనీ లేదు. రగులుతున్న బట్టీ ఉంది.

పార్థసారథి పిస్తోలు తీసి చూసుకుని నడుముకు పెట్టుకున్నాడు. పడవ అడుగున ఉన్న రెండో గడ తీసి నీళ్లలోకి దించాడు. కృపావరం సుబ్బరాయుడి పక్కన నిలబడ్డాడు. మూడు జతల చేతులు ఒక్కసారి తోసేసరికి పడవ ముక్కు కొండ మలుపు వైపు తిరిగింది.

"పొగ," అంది కమలవల్లి.

చెట్ల పైన, రెండు మైళ్ల అవతల, బూడిదరంగు పొగ సన్నగా పైకి లేస్తోంది. వాళ్లు చూస్తుండగానే అది నల్లబడింది. ఎవరో బట్టీలో కొత్తగా కట్టెలు వేస్తున్నారు.